పికప్ ముందు భాగం దించాలంటే: స్ప్రింగా, స్టబ్ యాక్సిలా, ఎయిరా?

దక్షిణ ఒడిశాలో పికప్పుకు సస్పెన్షన్ మార్పించడమంటే ఎత్తు పెంచడమే. బరంపురంలోనో జైపూర్‌లోనో షాపులో అడగండి, లిఫ్ట్ కిట్ల గురించి గంటసేపు చెబుతారు. దించాలి అనగానే మాత్రం "ఏముంది, స్ప్రింగు రెండు చుట్లు కోసేస్తే సరి" అంటారు. ఆ మాట కొన్ని బళ్ళకు సగం నిజం, కొన్నిటికి పూర్తిగా ప్రమాదం.

బండిని కిందికి దించడం ఎవరైనా చేస్తారు. దిగిన తర్వాత గుంతలో చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగిలింది, చక్రాన్ని ఛాసీకి కలిపే ఆర్ములు ఏ కోణంలో నిలబడ్డాయి అన్న రెండు విషయాలే బండి నడకను నిర్ణయిస్తాయి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ నేను ఈ రెండిటితోనే తూస్తాను. ధర, అందం ఆ తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది: ఎంత దించాలి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఇసుజు వీ-క్రాస్ వీల్‌బేస్ 3,095 మిల్లీమీటర్లు, టయోటా హైలక్స్‌ది 3,085. అంటే బండి నడుము బ్రేకరు నడినెత్తి మీదికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ ఆ బ్రేకరు మీదే ఉంటాయి. చక్రాలు కూడా కొంత పైకి లేస్తాయి కాబట్టి నడుము కింద తగ్గేది 10 సెంటీమీటర్లు కాదు, లెక్క కడితే సుమారు 7 మాత్రమే. ఇలాంటి బ్రేకరు దించిన బండిని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఇబ్బందంతా ఊరివాళ్ళు తమంతట తాము సిమెంటుతో పోసుకున్న గట్లతోనే. అవి అడుగో అడుగున్నరో వెడల్పు ఉంటాయి. ముందు చక్రం దాటి కిందికి దిగిపోతుంది, వెనుక చక్రం ఇంకా ఎక్కదు, గట్టు మాత్రం సరిగ్గా నడుము కింద ఉంటుంది. 15 సెంటీమీటర్ల గట్టయితే 15 సెంటీమీటర్లూ పోయినట్టే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మధ్య ఊళ్ళ మీదుగా తిరిగే బండికి ఈ ఒక్క లెక్కే హద్దు గీస్తుంది. టేపు పట్టుకుని బండి కింద అన్నిటికంటే కిందికి ఉన్న భాగం ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మీరు రోజూ దాటే గట్లలో పెద్దదాన్ని కూడా కొలవండి. రెండిటి తేడాలోంచి 4 సెంటీమీటర్లు పక్కన పెడితే మిగిలేదే మీరు దించగలిగేది.

రోజూ వాడే బండికి 4 నుంచి 5 సెంటీమీటర్లు చాలని నా అభిప్రాయం. చూపుకు తేడా బాగానే తెలుస్తుంది, చక్రానికీ ఫెండరుకూ మధ్య ఉండే పెద్ద ఖాళీ పోతుంది. అంతకు మించి కావాలంటే అది ఎయిర్ సస్పెన్షన్ సంగతి, లేదా బండి షోకే పరిమితం.

బండి కిందికి దూరి చూడండి

పద్ధతి మీ ఇష్టంతో మొదలవదు, కంపెనీవాడు ముందు ఏం పెట్టాడో దానితో మొదలవుతుంది. వీ-క్రాస్, హైలక్స్ లాంటి వాటికి ముందు డబుల్ విష్‌బోన్ (పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు), దాని మధ్యలో షాక్ అబ్జార్బరు చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటుంది. టాటా ఏస్‌కు ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే యాక్సిల్, కమాను పట్టీలే. మారుతీ సూపర్ క్యారీకి కారులో లాగా మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసి ఒకే నిలువు స్తంభంలా ఉండేది. సంతలకు, మండీలకు తిరిగే లోడు పికప్పుల్లో చాలా వాటికి ముందు కమాను కట్టలే ఉంటాయి. ఒకే పేరుతో వచ్చే బండిలో కూడా మోడలును బట్టి ఇది మారుతుంది కాబట్టి బ్రోషరు నమ్మకుండా వంగి చూడడం మేలు.

పొట్టి స్ప్రింగులు, కోసిన స్ప్రింగులు

కాయిల్ బండికి మొదటి ఆలోచన ఇదే. స్ప్రింగు గట్టిదనం వైరు మందం, చుట్ట వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. చుట్లు తగ్గితే గట్టిదనం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఎనిమిది పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే స్ప్రింగు సుమారు 14 శాతం గట్టిపడుతుంది. ఇది పూర్తిగా చెడు కాదు. దిగిన బండికి ప్రయాణం తగ్గింది కాబట్టి కొంచెం గట్టి స్ప్రింగు కావాల్సిందే. సమస్య వేరే చోట ఉంది.

వీ-క్రాస్, హైలక్స్ రకం స్ప్రింగులు షాకు మీద ఉన్న గిన్నెలో కూర్చుంటాయి. ఆ గిన్నెకు సరిపోయేలా చివరి చుట్టును కంపెనీవాడు మలుస్తాడు. దాన్ని కోసేస్తే కోసిన అంచు ఒక్కచోటే ఆనుతుంది, స్ప్రింగు పక్కకు వంగుతుంది, షాకు రాడ్డు సీలు అరిగిపోతుంది. కొన్ని పాత బళ్ళలో స్ప్రింగు షాకుతో సంబంధం లేకుండా లోయర్ ఆర్మ్ మీద విడిగా కూర్చుంటుంది, చివరి చుట్టు మలుపు లేకుండా తెరిచి ఉంటుంది. అలాంటి వాటిని రంపంతో గానీ కటింగ్ వీల్‌తో గానీ కొంచెం కోసి వాడుకోవచ్చు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి కుంగదీసే పద్ధతి మాత్రం దేనికీ వద్దు. ఉక్కు పదును పోతుంది, ఆ తర్వాత స్ప్రింగు ఎప్పుడు ఎంత కుంగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో లెక్క చాలామంది మరచిపోతారు. స్ప్రింగు ఆర్ము చివర ఉండదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. అది ఆర్ము పొడవులో పదింట ఆరు వంతుల దగ్గర ఉందనుకోండి. స్ప్రింగు 3 సెంటీమీటర్లు పొట్టిదైతే చక్రం దగ్గర బండి 5 సెంటీమీటర్లు దిగుతుంది. "ఇంచు కోద్దాం" అని మొదలుపెట్టినవాళ్ళ బండి దాదాపు రెండు ఇంచులు దిగి కూర్చోవడానికి కారణం ఇదే.

మంచి దారి, అదే బండి కోసం తక్కువ ఎత్తుతో చేసిన స్ప్రింగులు, వాటికి తగ్గ పొట్టి షాకులు. దొరక్కపోతే వైరు మందం, లోపలి వ్యాసం, ఎత్తు, గట్టిదనం రాసిచ్చి స్ప్రింగు తయారీదారు దగ్గర చేయించుకోవచ్చు. ఏది పెట్టినా బిగించిన తర్వాత ఒక పరీక్ష చెయ్యండి. బండిని ఛాసీ కింద జాకీ పెట్టి చక్రం గాల్లో వేలాడేలా లేపండి. స్ప్రింగు చేత్తో కదిలితే అది పనికిరాదు. ఏ గుంతలోనో చక్రం ఒక్కసారి కిందికి జారితే అది గిన్నెలోంచి తప్పుకోవచ్చు.

డ్రాప్ స్టబ్ యాక్సిల్

నా లెక్కలో ఉన్నవాటిలో అన్నిటికంటే తెలివైన పద్ధతి ఇదే, మన దగ్గర దొరకడమే కష్టం. ఇందులో స్ప్రింగును ముట్టుకోరు. స్టబ్ యాక్సిల్ అంటే ఆర్ముల చివర చక్రాన్ని పట్టుకుని ఉండే ముక్క. చక్రం బిగించే ఇరుసును దాని మీద కొంచెం పైకి జరిపి పోత పోస్తారు. చక్రం ఎంత పైకి జరిగితే బండి అంత కిందికి దిగుతుంది. అప్పర్, లోయర్ ఆర్ములు కంపెనీ కోణంలోనే ఉంటాయి, ఆర్ము మరీ పైకి లేవకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ ఆర్ముకూ మధ్య చోటు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు.

ఆర్ముల కోణం ఎందుకంత ముఖ్యం? స్ప్రింగుతో దించితే ఆర్ములు బయటి వైపు పైకి లేస్తాయి. అప్పుడు బరువు కేంద్రం ఎంత దిగుతుందో, బండి పక్కకు వాలేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ రోల్ సెంటరు అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. ఫలితంగా కిందికి దిగిన బండే మలుపులో ఎక్కువ వాలుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్ళే దారిలో మలుపు మీద మలుపు వస్తున్నప్పుడు ఇది స్టీరింగులో తెలిసిపోతుంది. డ్రాప్ స్టబ్ యాక్సిల్‌తో ఈ రెండూ కలిసే దిగుతాయి కాబట్టి ఆ గొడవ లేదు.

లోపాలు లేకపోలేదు. స్టబ్ యాక్సిల్ కింది భాగం రిమ్ముకు దగ్గరగా వస్తుంది, కొన్నిటికి పెద్ద రిమ్ము వేయక తప్పదు. కొన్నిటితో చక్రాలు కొంచెం బయటికి వస్తాయి, తిప్పినప్పుడు ఫెండరుకు రాసుకుంటాయి. అమెరికాలో పాత షెవ్రొలే, ఫోర్డ్ పికప్పులకు ఇవి రెడీమేడ్‌గా దొరుకుతాయి. మన బళ్ళకు అలాంటి సరుకు అరుదు. దొరకలేదని లేత్ షాపులో పాత స్టబ్ యాక్సిల్‌ను కోసి వెల్డింగు పెట్టిస్తామనేవాళ్ళుంటారు. ఆ పని చేయించకండి. చక్రం, బ్రేకు, స్టీరింగు మూడూ వేలాడేది ఆ ఒక్క ముక్క మీదే.

అడ్జస్టబుల్ కాయిలోవర్

కాయిలోవర్ అంటే షాకు చుట్టూ స్ప్రింగు ఉన్న జత. మరతో ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు వీ-క్రాస్, హైలక్స్‌లకు దొరుకుతాయి, కానీ పెట్టె మీద ఉన్న మాట చదవాలి. ఈ బళ్ళ కోసం వచ్చే సరుకులో అధిక భాగం ఎత్తు పెంచడానికి చేసిందే. "అడ్జస్టబుల్ కదా, కిందికి తిప్పుకోండి" అంటారు. కిందికి తిప్పితే పొడుగు షాకు మీద స్ప్రింగు వదులైపోతుంది, పైన చెప్పిన జాకీ పరీక్షలో తప్పుతుంది. షాకు బాడీయే పొట్టిగా ఉన్నది, లేదా బాడీ పొడవును విడిగా మార్చుకునే రకం తీసుకుంటేనే దించడానికి పనికొస్తుంది.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి మర పళ్ళు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ఏడాదికోసారైనా శుభ్రం చేసి గ్రీజు పెట్టే ఓపిక లేకపోతే ఖరీదైన అడ్జస్టరు ఒక ఎత్తులోనే నిలిచిపోతుంది. ఆ డబ్బుకు మామూలు పొట్టి స్ప్రింగు, మంచి షాకు వస్తాయి.

టోర్షన్ బార్ ఉన్న బండి

వీటిలో చుట్ట స్ప్రింగు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీ ఉంటుంది. క్వాలిస్, టవేరా నడిపించిన పాత మేస్త్రీలకు ఈ పని కొట్టినపిండి. కింద ఉన్న బోల్టు వదిలితే ముందు భాగం దిగుతుంది, పైసా ఖర్చు లేదు. బార్ గట్టిదనం మారదు, ప్రయాణం మాత్రం తగ్గుతుంది. కాబట్టి గుంతలో పడ్డప్పుడు అదే మెత్తదనంతో త్వరగా బంప్ స్టాప్‌కు తగులుతుంది. రెండు మూడు సెంటీమీటర్లకు బాగుంటుంది, ఆపైన వద్దు. రెండు పక్కలా సమానంగా వదలాలి, ఎత్తు కొలిచేటప్పుడు టైర్ల గాలి కూడా సమానంగా ఉండాలి.

ముందు కమాను ఉన్న లోడు బండి

ఇక్కడ ఎంపికలు తక్కువ. ఎక్కువ పట్టీలున్న కట్ట అయితే కమాను పనివాళ్ళ దగ్గర వంపు తగ్గించి మళ్ళీ పదును పెట్టించవచ్చు, ఇదే నేను చెప్పేది. ఒక పట్టీ తీసేస్తే దిగుతుంది కానీ మోసే శక్తి కూడా తగ్గుతుంది. పారబోలిక్ కమాను (మధ్యలో మందంగా, చివర్లకు సన్నగా ఉండే పట్టీలది) అయితే మొత్తం ఉండేదే ఒకటో రెండో మూడో పట్టీలు, అందులో తీయడానికి ఏమీ లేదు. దించడానికి వెనుక యాక్సిల్‌కూ కమానుకూ మధ్య పెట్టే దిమ్మలు ముందు యాక్సిల్‌కు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు బలమంతా ముందు యాక్సిల్ మీద పడుతుంది, యాక్సిల్ మెలితిరుగుతూ దిమ్మను యూ బోల్టుల మధ్య నుంచి కదిలిస్తుంది.

నిజం చెప్పాలంటే, రోజూ టన్ను పైన వేసే బండిని దించకపోవడమే మంచిది. జీడిపిక్కల బస్తాలు మోసే బండికి అందం ఎవరూ చూడరు.

ఎయిర్ బ్యాగులు

నిలిపినప్పుడు నేలకు ఆనినట్టు ఉండాలి, ఊరి గట్టు వచ్చినప్పుడు లేవాలి. ఈ రెండూ ఒకే బండిలో కావాలంటే ఇదొక్కటే దారి. స్ప్రింగు బదులు గాలి సంచి, దానికి కంప్రెసరు, ట్యాంకు, వాల్వులు, పైపులు, మీటర్లు. షాకును పక్కకు జరపాల్సి వస్తుంది, అంటే ఛాసీకి బ్రాకెట్లు కట్టాలి.

చెడిపోయేది సాధారణంగా సంచి కాదు, దాని చుట్టూ ఉన్నవి. మన తేమకు ట్యాంకులో నీళ్ళు చేరతాయి, వాటిని తరచూ వదిలెయ్యాలి, లేకపోతే వాల్వులు తుప్పు పడతాయి. సంచి ఉబ్బినప్పుడు ఏ బోల్టు మొనకో ఆర్ము అంచుకో రాసుకుంటే ఏదో ఒక రోజు చిరుగుతుంది. అందుకే బిగించాక గాలి పూర్తిగా నింపి ఒకసారి, పూర్తిగా తీసి ఒకసారి స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించి చూడండి. గాలి లేనప్పుడు కూడా టైరు ఫెండరుకు తగలకుండా తిరగాలి. లక్ష్మీపూర్ అడవి దారిలో పైపు ఊడిపోతే కనీసం బండిని పక్కకు తీయగలగాలి కదా.

అలైన్‌మెంట్ ఒక్క ఎత్తులోనే సరిగ్గా ఉంటుంది. నడిపే ఎత్తు ఏదో ముందే నిర్ణయించి అక్కడే చేయించాలి, రోడ్డు మీద ఎప్పుడూ ఆ ఎత్తులోనే నడపాలి. కిందికి దించి నడిపితే కొత్త టైరు లోపలి అంచు త్వరగా నున్నబడుతుంది.

మొత్తం ముందు భాగమే మార్చేయడం

ఇంటర్నెట్టులో అమెరికన్ వీడియోలు చూసినవాళ్ళు అడిగేది ఇది. అక్కడ పాత ఫోర్డ్ ఎఫ్-100 కింద 1974–78 నాటి మస్టాంగ్-2 తరహా ముందు సస్పెన్షను గానీ, 2003, ఆ తర్వాతి క్రౌన్ విక్టోరియా ముందు భాగం గానీ తెచ్చి బిగిస్తారు. 1965లో ఫోర్డ్ తెచ్చిన ట్విన్ ఐ-బీమ్ ముందు సస్పెన్షను దించడానికి మొండిది కాబట్టి వాళ్ళకు అందులో అర్థముంది. మస్టాంగ్-2 చిన్న కారుది, తేలికైన ఇంజనుకు నప్పుతుంది. క్రౌన్ విక్టోరియా భాగం బరువును మోస్తుంది కానీ వెడల్పు ఎక్కువ, లోతైన రిమ్ములు కావాలి. మన దగ్గర ఇంకో బండి ముందు భాగం తెచ్చి ఛాసీ కోసి అతికించడం చట్టం దగ్గరే ఆగిపోతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షను కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పసుపు నంబరు ప్లేటు బండి అయితే ఎనిమిదేళ్ళ లోపు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్ళక తప్పదు. సరిహద్దు బండికి ఇంకో సంగతి, ఒడిశాలో చూసీచూడనట్టు వదిలేసినా ఇచ్ఛాపురం దాటాక ఆపేవాళ్ళు వేరే. స్ప్రింగు మార్చే ముందు కూడా ఆర్టీఓ ఆఫీసులో, బీమా ఏజెంటు దగ్గర అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి.

ఎవరికి ఏది

ప్రైవేటు నంబరుతో వీ-క్రాసో హైలక్సో ఉండి, కుటుంబంతో తిరుగుతూ అప్పుడప్పుడు సామాను వేసేవాళ్ళకు నా ఓటు 4 సెంటీమీటర్ల పొట్టి స్ప్రింగు, దానికి జత షాకు. డ్రాప్ స్టబ్ యాక్సిల్ మీ బండికి నిజంగా తయారై దొరికితే దాన్నే తీసుకోండి, ఇంకేమీ ఆలోచించకండి. ఎయిర్ బ్యాగు షో బండికి, అదీ దగ్గర్లో పని తెలిసిన మనిషి ఉంటేనే. విశాఖ వెళ్ళి బిగించుకుని వచ్చి మల్కన్‌గిరిలో వాడుకుంటానంటే రిపేరు కోసం మళ్ళీ విశాఖే వెళ్ళాలి.

ఏది ఎంచుకున్నా వెనుక భాగాన్ని మరచి ముందు ఒక్కటే దించకండి. ముందు 5 సెంటీమీటర్లు దిగి వెనుక అలాగే ఉంటే, 3.1 మీటర్ల వీల్‌బేస్ మీద బండి మొత్తం దాదాపు ఒక డిగ్రీ ముందుకు వంగుతుంది. కాస్టరు, అంటే చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, కూడా అంతే తగ్గుతుంది. ఉన్నదే కొద్ది డిగ్రీలు, అందులో ఒకటి పోతే 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగం పెరిగేకొద్దీ స్టీరింగు తేలిపోతుంది, మలుపు తర్వాత తనంతట తాను తిన్నగా రాదు. ఖాళీ పికప్ వెనుక కొంచెం ఎత్తుగా ఉంటుంది, లోడు కోసం అలా చేస్తారు. కాబట్టి వెనుక కూడా కొంత దించుతారు.

అక్కడే ఇంకో చిక్కు. చాలా పికప్పుల్లో వెనుక యాక్సిల్‌కూ ఛాసీకీ మధ్య ఒక సన్నటి కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనుక కుంగితే లోడు వేశారని అనుకుని అది వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు స్ప్రింగు మార్చి దించినా దానికి తేడా తెలియదు. వానలో ఖాళీ బండి బ్రేకు వేస్తే వెనుక చక్రాలు లాకై పక్కకు తిరుగుతుంది. కడ్డీ పొడవు సరిచేయించడం అరగంట పని, కానీ అడగకపోతే ఎవరూ చెయ్యరు.

బుష్‌లు, బాల్ జాయింట్లు పాతవైతే స్ప్రింగుతో పాటే మార్చించండి, మళ్ళీ విప్పడం డబుల్ ఖర్చు. ఆర్ము బుష్‌ల బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. బంప్ స్టాప్ రబ్బరు తగులుతోందని పీకేయకండి, పొట్టిది వేయించండి. మలుపులో ఆర్ము నేరుగా ఇనుముకు తగిలితే ముందు టైరు పట్టు ఒక్కసారిగా పోతుంది. అలైన్‌మెంట్ బిగించిన రోజే ఒకసారి, స్ప్రింగు కుదురుకున్నాక ఐదారు వందల కిలోమీటర్లకు మళ్ళీ ఒకసారి. రెండోసారి వెళ్ళినప్పుడు హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతుందో కూడా సరిచేయించుకుని, క్యాంబరు (చక్రం పక్కకు వాలిన కోణం), కాస్టరు, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోండి.